తీసిన ఫొటోలకే తాళం

రాత్రింబవళ్లు కష్టపడి ప్రాజెక్టు పూర్తిచేస్తే, పై అధికారి దాన్ని పక్కన పడేస్తే ఎలా ఉంటుంది? డొరోథియా లాంగ్‌కు అంతకంటే పెద్ద దెబ్బే తగిలింది. ఆమె తీసిన వందల ఫొటోలను, ఆ పని అప్పగించిన అమెరికా ప్రభుత్వమే దాచేసింది.

ఆమె 1895లో న్యూజెర్సీలోని హొబోకెన్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులో పోలియో వచ్చి కుడికాలు దెబ్బతింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో డబ్బున్నవాళ్ల ఫొటోలు తీసే స్టూడియో నడిపారు. ఆర్థికమాంద్యం రోజుల్లో తిండికోసం క్యూ కట్టినవాళ్లను చూసి, కెమెరాతో వీధిలోకొచ్చారు. 1936లో తీసిన ‘మైగ్రెంట్ మదర్’ మీరూ ఎక్కడో చూసే ఉంటారు.

అసలు కథ 1942లో మొదలైంది. పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి తర్వాత, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వుపై సంతకం పెట్టారు. జపాన్ మూలాలున్న సుమారు 1.2 లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో మూడింట రెండొంతులు అమెరికా పౌరులే! ఈ తరలింపును ఫొటోలు తీసే ఉద్యోగం లాంగ్‌కు వచ్చింది. ఆ ఉత్తర్వే తప్పని ఆమె నమ్మకం. అయినా చేరారు. మీరైతే చేరేవారా? నాకైతే మొదట రాజీ పడ్డారనిపించింది. ఫొటోలు చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నా.

ముళ్లకంచె, కాపలా బురుజులు, తుపాకీ పట్టిన సైనికులు ఫ్రేములో కనిపించకూడదని ఆంక్షలు. సరే, ఆమె మనుషుల్ని తీశారు. కోటుకు నంబరు చీటీలు వేలాడుతున్న కుటుంబాలు, గుండె మీద చెయ్యి పెట్టి అమెరికా జెండాకు వందనం చేస్తున్న స్కూలు పిల్లలు... ఓక్లాండ్‌లో ఒక కిరాణా దుకాణం ఫొటో ఉంది. దాడి జరిగిన మర్నాడే యజమాని తాను అమెరికన్‌నేనని పెద్ద బోర్డు కట్టాడు. అతను కాలిఫోర్నియా యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ అని లాంగ్ క్యాప్షన్‌లో రాసిపెట్టారు. డిగ్రీ ఉంది, వ్యాపారం ఉంది. అయినా శిబిరం తప్పలేదు.

సైన్యానికి ఇవి నచ్చలేదు. కొన్ని ప్రింట్ల మీద ఏకంగా జప్తు అని రాసేశారు. యుద్ధం నడిచినంతకాలం చాలా ఫొటోలు జనం కంటపడలేదు. తర్వాత చడీచప్పుడు లేకుండా నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరాయి.

1965లో లాంగ్ చనిపోయారు. ఏడేళ్లకు, 1972లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ఆ ఉత్తర్వు పేరుతోనే ప్రదర్శన పెట్టి, ఆమె ఫొటోలు 27 గోడకెక్కించింది. బతికున్న బాధితులకు ప్రభుత్వం క్షమాపణ చెప్పి, తలా 20,000 డాలర్లిచ్చే చట్టం 1988లో వచ్చింది.

ఇందులో ఓ తమాషా ఉంది. ప్రభుత్వ ఉద్యోగిగా తీసినవి కాబట్టి ఈ ఫొటోలకు కాపీరైట్ లేదు. నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. వాటితోపాటు ఊరు, తేదీ, క్యాప్షన్ కూడా కనిపిస్తాయి.