రేడియో అన్నయ్య

మాది జవళగిరి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అందుకేనేమో, న్యాయపతి రాఘవరావు గారి కథ చదివితే మన పక్కింటాయన కథే అనిపించింది.

ఆయన 1905లో బరంపురంలో పుట్టినారు. 1936లో ఆ ఊరు ఒడిశాలోకి పోయింది. ఆయన పేరు తెచ్చుకున్నదేమో మదరాసులో. అంటే పుట్టిన ఊరూ, పేరొచ్చిన ఊరూ రెండూ ఇప్పుడు మన జవళగిరి మాదిరే తెలుగు రాష్ట్రాలకు బయటే!

1938లో మదరాసు రేడియో కేంద్రం మొదలయింది. అక్కడ రాఘవరావు గారూ, ఆయన భార్య కామేశ్వరి గారూ కలిసి తెలుగు పిల్లల కార్యక్రమాలు నడిపినారు. అయ్యవారూ అమ్మగారూ అని పిలిపించుకోలేదు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయినారు. ఆ వరసలోనే ఉంది వాళ్ల పనంతా. మైకు ముందు కూర్చుని పిల్లలకు నీతులు చెప్పడం కాదు, పిల్లల చేతనే పాడించినారు, నాటికలు ఆడించినారు.

1945లో 'బాల' పత్రిక పెట్టినారు. ముళ్లపూడి వెంకటరమణ గారి మొదటి కథ వచ్చింది అందులోనే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినాక హైదరాబాదుకు మారి, అక్కడా 'బాలానందం' సాగించినారు. అక్కయ్య ముందే కన్నుమూసినారు, అన్నయ్య 1984లో.

మా తమ్ముడికి తెలుగు మాట్లాడను వస్తుంది, చదవను రాదు. ఇన్నాళ్లూ వాణ్ణి కూర్చోబెట్టి నేనే కథలు చదివేదాన్ని. వాడు నిద్రపోయేవాడు. ఇప్పుడు వాణ్ణే చెప్పమంటున్నాను, నేను వింటున్నాను. నిద్రపోవడం లేదు.