రోగిశయ్య చెంత శారదామాత

తిరుపతిలోని కేన్సరు వైద్యశాలకు వచ్చు రోగి వెంట తల్లియో, భార్యయో, కుమారుడో ఉండును. వైద్యుడు రోగి ముఖము చూచును. వెంట వచ్చినవారి ముఖము చూచువారు అరుదు. రాచపుండని మన పెద్దలు పేర్కొన్న ఆ వ్యాధితో పతి మంచము పట్టగా, రమారమి ఒక సంవత్సరము పరిచర్య చేసిన సాధ్వి చరిత్ర అట్టివారికి మిక్కిలి చేరువ. ఆమె శ్రీరామకృష్ణ పరమహంస ధర్మపత్ని శ్రీశారదాదేవి.

వంగదేశమున జయరామవాటి గ్రామములో 1853 డిసెంబరు 22న ఆమె జన్మించెను. ఆరవయేట వివాహమయ్యెను. 1872లో పతిసన్నిధికి దక్షిణేశ్వరము చేరెను. అచట ఆమె నివాసము నౌబత్ఖానా క్రిందనున్న చిన్న గది; వంట సామగ్రియు, పడకయు, అతిథి స్త్రీలును అందే. తెల్లవారుజామున మూడు గంటలకే లేచి, గంగాస్నానము చేసి, జపధ్యానములు ముగించిన పిమ్మటనే పనికి పూనుకొనెడిది. ఎవరును గమనింపని ఈ నియమమే కష్టకాలమున ఆమెకు ఊతయైనది.

1885లో పరమహంస కంఠమున వ్యాధి పొడసూపెను. అక్టోబరులో శిష్యులాయనను కలకత్తాలోని శ్యాంపుకూరు ఇంటికి చేర్చిరి. డాక్టరు మహేంద్రలాల్ సర్కారు చికిత్స చేయుచుండెను. పథ్యము వండుటకు శారదాదేవి వచ్చినది గాని, పురుషులతో నిండిన ఆ యింట ఆమెకు గది లేదు. మూడు గంటలకు ముందే స్నానము ముగించి, మేడమెట్ల చివర నాలుగు మూరల చోటికి ఎక్కెడిది. పగలంతయు అచటనే వంట, అచటనే జపము. రాత్రి పదునొకండు గంటలకు, అందరును నిద్రించిన పిదప, దిగి వచ్చెడిది. నిద్ర మూడు నాలుగు గంటలే. ఇంతటి శ్రమ అందరును అనుకరింపదగినదని చెప్పలేము. ఆ యిరుకులోనే జపమునకు చోటు మిగుల్చుకొనుట మాత్రము గమనింపదగినది.

డిసెంబరు 11న కాశీపూరు తోటయింటికి మారిరి. అచట ఒకనాడు పాలగిన్నెతో మెట్లెక్కుచు ఆమె జారిపడెను, చీలమండ బెణికెను. కొన్ని దినములు పైకి పోలేకపోయెను. అప్పుడు ఇతరులు ఆహారమందించిరి. నరేంద్రుడు, శశి మొదలగు యువకులు వంతులు వేసికొని రాత్రింబవళ్లు సేవ చేయుచునే యుండిరి. చరితకారులు త్వరగా దాటిపోవు విషయమిది: ఆ పరిచర్య ఏ యొక్కరి భుజములపైనను పూర్తిగా మోపబడలేదు.

వ్యాధి ముదిరెను. ఆమె తారకేశ్వరమునకు పోయి, పతి ప్రాణము దక్కవలెనని శివుని యెదుట నిరాహారయై పడియుండెను. రెండు దినములు నీరైనను ముట్టలేదు. ఒక రాత్రి కుండలు పగిలిన చప్పుడు వినవచ్చి ఉలికిపడి లేచినది. ఆ క్షణమున, ఈ లోకమున ఎవరికెవరు, ఎవరికై తాను ప్రాణము విడువ కూర్చున్నదను భావము హృదయమున మెరసెను. లేచి, నీటికై చీకటిలో తడవికొనుచు పోయి, దప్పి తీర్చికొనెను. మరల కాశీపూరు చేరి పథ్యము వండసాగెను. కోరిక వదలినది, సేవ వదలలేదు.

1886 ఆగస్టు 16న పరమహంస దేహము చాలించెను. ఆమెకు అప్పటికి ముప్పదిరెండేండ్లు. పక్షము దినములలోనే తీర్థయాత్రకు బయలుదేరి, బృందావనమున సుమారు ఏడాది యుండెను. అచట ఎంతయో విలపించినది. జపము చేయువారికి కన్నీరు రాదనుకొనుట పొరపాటు.

నాడు కాశీపూరులో అహర్నిశలు గురుసేవ చేసిన శశియే తరువాత రామకృష్ణానందస్వామియై మద్రాసులో మఠము నెలకొల్పెను. ఆయన పూనికతోనే 1911లో మాత దక్షిణయాత్రకు వచ్చినది. రామేశ్వరము సేవించి, మన కుప్పము మీదుగా పోవు రైలుమార్గమున బెంగుళూరు చూచి వచ్చినది. భాష తెలియకున్నను ఎందరో ఆమెవద్ద మంత్రోపదేశము పొందిరి. తిరుగుప్రయాణమున రాజమహేంద్రవరమున ఒకనాడు దిగి, గోదావరీస్నానము చేసి, పూరీ మీదుగా కలకత్తాకు పోయినది.