సర్ ఫ్రెడరిక్ నికల్సన్ – సహకారసంఘముల మూలపురుషుడు

చెవిటికల్లు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల మెట్టరైతునకు వాన కురియకమునుపే అప్పు, పంట యిల్లు చేరకమునుపే వడ్డీ అను దుఃస్థితి మన పెద్దలెల్ల రెఱిగినదే. ఈ రోగమునకు మందు వెదకిన వారిలో సర్ ఫ్రెడరిక్ ఆగస్టస్ నికల్సన్ దొర ముఖ్యుడు. మన సంఘ సోదరు లాయన చరిత్ర మెఱుంగుట యుక్తము.

ఈయన 1846 లో జన్మించెను. చెన్నపురి రాజధానిలో సివిలు ఉద్యోగియై, కోయంబత్తూరు మండల చరిత్రమును 1887 లో ప్రకటించెను. 1892 లో దొరతనమువారు వ్యవసాయ బ్యాంకుల విషయము విచారించు పని నాయనకు అప్పగించిరి. 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదిక వెలువడెను. రాజధాని గ్రామఋణము నలువదియైదు కోట్ల రూపాయలని యందు లెక్క వేసెను. కృష్ణామండల మప్పుడు రాజధానిలోనిదే కాన, మన తాతల పత్రములును ఆ మొత్తములో నుండవలయును.

జర్మనీదేశమున రైఫైజన్ (1818–1888) నెలకొల్పిన గ్రామసంఘములు నికల్సను మనస్సు నాకర్షించెను. ఒక్కొక్క గ్రామమున కొక్కొక్క సంఘము. సభ్యులెల్లరు నొకరినొక రెఱిగినవారు. ఒకడు తీర్పని బాకీకి అందఱు పూచీ. అధికారులకు జీతము లేదు. పొరుగువాడు ఎరువునకై తెచ్చిన రొక్కమును పెండ్లికి వెచ్చించునేమో యని చూచుకొనువాడు పొరుగువాడే. దూరపు టుద్యోగి కది తెలియదు. ఈ యంశమే ఆ గ్రంథమునకు ప్రాణమని నా యభిప్రాయము.

నివేదిక వెంటనే ఫలింపలేదు. 1901 లో క్షామవిచారణసంఘమునను, సహకారచట్టపు టాలోచనసభలోను నికల్సన్ సభ్యుడయ్యెను. 1904 లో చట్టము వచ్చెను. ఆ యేడే చెంగల్పట్టు మండలమున తిరూరులో సంఘ మేర్పడెను. అటుపిమ్మట నాయన విశ్రాంతి గోరక చెన్నపురి మత్స్యశాఖకు పెద్దయై, జపానుదేశము సైతము దర్శించి, బెస్తల జీవనోపాయముల మెఱుగుపఱుప యత్నించెను. 1936 లో పరమపదించెను.

తరువాతి కథ మిశ్రమము. 1951–52 నాటి గ్రామీణ ఋణ పరిశీలనలో రైతుల యప్పులో సహకారసంఘము లిచ్చినది నూటికి మూడు మాత్రమని తేలెను. దానిపై ప్రభుత్వము వాటాలు పెట్టుట బలపడెను. పెట్టుబడితో పెత్తనమును వచ్చెను. సభ్యులు యజమానులను మాట మఱుగుపడెను. 1995 లో ఆంధ్రప్రదేశమున పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వెలసెను. దాని క్రింద నమోదైన సంఘము ప్రభుత్వపు వాటాధనము తీసికొనదు. మన మెట్టగ్రామములలో ప్రత్తి, మిరపలకు పెట్టుబడి కావలసిన సోదరులు ఈ మార్గమును ముందుగా తమ గ్రామసభలలో విచారింప గోరెదము.