మంచుసీమలో మైత్రి: కార్ల్ వైప్రెక్ట్

భూగోళపు ఉత్తర దక్షిణ కొనలయందు నిత్యము మంచు కప్పియుండు ప్రదేశములు కలవు. పందొమ్మిదవ శతాబ్దమున పెక్కు రాజ్యములు అచటికి ముందుగా చేరి తమ పతాకములను నాటవలెనని పోటీపడుచుండెను. ఆ పోటీని మైత్రిగా మార్చుటకు పాటుపడిన నావికుడు కార్ల్ వైప్రెక్ట్.

ఆయన 1838లో జర్మన్ సీమయందలి డార్మ్‌స్టాట్ నగరమున జన్మించెను. 1856లో ఆస్ట్రియా నౌకాదళమున చేరెను. 1872లో యూలియస్ పాయరుతో కలిసి, టెగెట్‌హాఫ్ అను నౌకలో ఉత్తర ధ్రువసముద్రమునకు బయలుదేరెను. ఆ వేసవి గడవకమునుపే నౌక మంచులో చిక్కుకొని, మంచు కదలిన వైపునకే కొట్టుకొనిపోయెను. 1873లో వారు పటములయందు లేని దీవులను కనుగొని, తమ చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పేరు పెట్టిరి.

1874 మే నెలలో నౌకను విడిచి, పడవలను మంచుపై లాగుకొనుచు దక్షిణముగా నడచిరి. వారు ముందునకు నడచుచుండగా కాలిక్రింది మంచు వెనుకకు సాగుచుండెను. రెండు నెలలు శ్రమించియు కొద్ది మైళ్ళే గడచిరి. వైప్రెక్ట్ తోడివారికి ధైర్యము చెప్పి నడిపించెను. తుదకు ఆగస్టులో రష్యా జాలరులు వారిని కాపాడిరి.

స్వదేశమున ఘనస్వాగతము లభించినను ఆయనకు తృప్తి కలుగలేదు. మంచులో తాను కొలిచిన చలిని, గాలిని, అయస్కాంత సూచి చలనమును అదే సమయమున ఇతరచోట్ల కొలిచినవానితో పోల్చిననే గాని ప్రకృతి నియమములు తెలియవు. అది ఒక్క రాజ్యమునకు సాధ్యము కాదు. కావున 1875లో గ్రాజ్ నగరమున జరిగిన శాస్త్రజ్ఞుల సభలో, క్రొత్త భూములకై పోటీ మాని, పలుదేశములు ఏకకాలమున ఒకే పద్ధతిని పరిశీలనలు జరుపవలెనని కోరెను. దీవులను కనుగొని కీర్తి గడించినవాడే అట్టి కీర్తి చాలదని చెప్పుట విశేషము.

1881లో, నలుబది రెండేండ్ల వయసున, క్షయరోగము ఆయనను బలిగొనెను. మరుసటి యేడే ప్రథమ అంతర్జాతీయ ధ్రువ సంవత్సరము ప్రారంభమయ్యెను. పండ్రెండు దేశములు పదునాలుగు కేంద్రములను నెలకొల్పెను. పండ్రెండేండ్ల క్రితము యుద్ధమాడిన ఫ్రాన్సు, జర్మనీలును అందు చేరెను. హార్న్ అగ్రము కడ ఫ్రెంచివారు, దక్షిణ జార్జియా దీవిలో జర్మనులు, నిర్ణీత దినములందు జర్మనీలోని గోటింగెన్ నగరపు కాలమును అనుసరించి ఒకే సమయమున అయస్కాంత సూచిని పరిశీలించిరి.

ఆ సంప్రదాయము నిలిచెను. 1957-58లో జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమున అమెరికా, రష్యాలు తమ వైరమును ప్రక్కనుంచి అంటార్కిటికాలో పరిశోధనలు చేసెను. 1959లో పండ్రెండు దేశములు ఒడంబడిక చేసికొని, ఆ ఖండమును శాంతికార్యములకే వినియోగింప నిశ్చయించెను. 1983లో భారతదేశము అందు చేరెను. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులును అచట పనిచేసిరి. వైప్రెక్ట్ తన నౌకను మంచులో విడిచివచ్చెను. ఆయన సంకల్పము మాత్రము గమ్యమును చేరెను.