రాజా దీన్‌దయాళ్ - ఆటల ఫోటోలు

వచ్చే వారం మన స్పోర్ట్స్ మీట్. ఫోటోలు తీసే పని సార్లు నాకు అప్పజెప్పారు. అందుకే ఈసారి మన గోడపత్రికకు ఒక ఫోటోగ్రాఫర్ జీవితం రాస్తున్నాను. ఆయన పేరు రాజా దీన్‌దయాళ్. హైదరాబాద్ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనా అనే ఊరిలో జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగంలో చేరారు. నక్షాలు గీసే పని. 1874లో ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. అంటే ముప్పై ఏళ్ళకు కెమెరా పట్టారన్నమాట! 1885లో వైస్రాయ్‌కి ఫోటోగ్రాఫర్ అయ్యారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1892లో పరదాలో ఉండే ఆడవాళ్ళ కోసం హైదరాబాద్‌లో విడిగా జెనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫోటోలు తీసేది కూడా ఆడమనిషే. 1894లో నిజాం ఆయనకు రాజా, ముసవ్విర్ జంగ్ అనే బిరుదులు ఇచ్చారు. ముసవ్విర్ అంటే బొమ్మలు వేసేవాడు.

అప్పటి హైదరాబాద్‌లో ఆటలంటే గుర్రాలు, వేట. ఇప్పుడు ఆబిడ్స్‌కీ నాంపల్లికీ దగ్గరలో ఉన్న లాల్‌బహదూర్ స్టేడియం స్థలాన్ని అప్పుడు ఫతే మైదాన్ అనేవాళ్ళు. అక్కడ పోలో ఆడేవాళ్ళు. ఆబిడ్స్ అనే పేరు కూడా ఆ కాలానిదే. నిజాం దగ్గర పనిచేసిన ఆబిడ్ అనే ఆయన దుకాణం వల్ల వచ్చింది.

దీన్‌దయాళ్ మొదలుపెట్టిన రోజుల్లో గాజు పలకకు మందు పూసి, అది తడి ఆరకముందే ఫోటో తీసి, చీకటి గుడారంలోకి ఉరికి కడగాలి. వెలుతురు పడడానికి సెకన్లు పట్టేది. అంతసేపు కదలకుండా ఉండాలి. ఉరికే గుర్రం ఎట్లా ఉంటుంది? 1880ల్లో పొడి పలకలు బాగా వాడకంలోకి వచ్చాకే సెకనులో చిన్న వంతులో ఫోటో తీయడం కుదిరింది. ఫ్లాష్ సంగతి ఇంకా కష్టం. 1887లో జర్మనీలో మెగ్నీషియం కలిపిన మందుపొడి కనిపెట్టారు. అంటిస్తే భగ్గుమని మండేది, గదినిండా పొగ. ఒక్క ఫోటోకే సరి.

ఇప్పుడు మన కెమెరాలో సెకనులో 500వ వంతు, 1000వ వంతు పెట్టుకోవచ్చు. పగలు కబడ్డీకి 500వ వంతు చాలు. లాంగ్ జంప్‌కి 1000 మేలు. సాయంత్రం వెలుతురు తగ్గితే ఐఎస్ఓ 800, 1600కి పెంచాలి. ఫోటోలో కొంచెం రవ్వ కనిపిస్తుంది, కనిపించనీ. ఫ్లాష్ మాత్రం గ్రౌండ్‌లో దండగ. దూరం రెండింతలైతే వెలుతురు నాలుగో వంతే చేరుతుంది. కెమెరా మీది చిన్న ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటితే సరిగా అందదు. పైగా ఫ్లాష్ వేస్తే చాలా కెమెరాలు 200, 250వ వంతు కన్నా వేగంగా తీయవు. పగటి వెలుతురులో ఆ వేగానికి ఉరికేవాళ్ళ కాళ్ళు చెదురుతాయి. దగ్గర నుంచి వేస్తే ఆడేవాళ్ళ కళ్ళు జిగేల్‌మంటాయి. కాబట్టి దయచేసి ఎవరూ ఫ్లాష్ అడగొద్దు. హైజంప్‌లో పైకి లేచిన మనిషి కిందికి దిగే ముందు ఒక్క క్షణం ఆగినట్టు ఉంటాడు. నేను ఆ క్షణం కోసం చూస్తాను.

దీన్‌దయాళ్ తీసిన వాటిలో నేను ఎక్కువసేపు చూసిన ఫోటో 1902 నాటిది. మన వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేట. వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య నిలబడి ఉన్నారు, ముందు చచ్చిన పులి. పులి దూకుతున్న ఫోటో కాదు. చచ్చిన పులి కదలదు కదా, కెమెరాకు ఎంతసేపైనా ఆగుతుంది. కానీ అడవిలో పులి దానంతట అదే తుపాకీ ముందుకు రాదు. అట్లాంటి వేటల్లో డప్పులు కొట్టి, కేకలేసి దాన్ని తోలేది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. ఆ వైపు అడవుల్లో మన కోయ గూడేలు ఉన్నాయి. దొర పేరు, దొరసాని పేరు, ఊరి పేరు అన్నీ ఫోటోతోపాటు నిలిచాయి. తోలినవాళ్ళ పేర్లు లేవు. ఇది దీన్‌దయాళ్ తప్పని నేను అనను. ఆయన అడిగినవాళ్ళకు ఫోటో తీశారు. అయినా ఆ ఖాళీ నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది.

దీన్‌దయాళ్ 1905లో బొంబాయిలో చనిపోయారు. ఆయన గాజు పలకలు వేలకొద్దీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. 2006లో ఆయన పేరు మీద తపాలా బిళ్ళ వచ్చింది.

మన మీట్ ఫోటోలు వచ్చే సంచికలో ఇక్కడే అంటిస్తాను. గెలిచినవాళ్ళవే కాదు, సున్నం గీతలు గీసేవాళ్ళవీ, నీళ్ళు మోసే తమ్ముళ్ళవీ ఉంటాయి. ప్రతి ఫోటో కింద పేరు, తరగతి, ఊరు రాస్తాను. వార్డెన్ సారు సున్నం, నీళ్ళ పనివాళ్ళ జాబితా ముందే ఇప్పించాలని మనవి. ఎవరి పేరైనా తప్పిపోతే పెన్సిల్‌తో పక్కన రాసెయ్యండి, నేను పెన్నుతో దిద్దుతాను.