జహంగీరు కొలువులో చీతా పురుడు

పార్లమెంటులో అంకెలు వినడం ఢిల్లీ విలేఖరికి నిత్యకృత్యం. ఎరువుల టన్నులు, రైలుమార్గాల కిలోమీటర్లు, నిధుల కోట్లు మంత్రులు చదువుతారు, మేము రాసుకుంటాము. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి 8 చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి వచ్చిన నాటినుంచి ఈ జాబితాలో ఒక కొత్త పద్దు చేరింది. ఎన్ని వచ్చాయి, ఎన్ని మరణించాయి, ఎన్ని ఈనాయి అని సభ్యులు అడగడం, పర్యావరణ మంత్రిత్వశాఖ సమాధానం దాఖలు చేయడం ఆనవాయితీ అయింది. ఒక అడవి జంతువు గర్భం ప్రభుత్వ ప్రతిష్ఠకు కొలబద్ద కావడం కొందరికి విచిత్రంగా తోచవచ్చు. కాని ఢిల్లీ, ఆగ్రాల సింహాసనానికి ఇది కొత్త కాదు. నాలుగు వందల ఏళ్ళ క్రితం ఇదే లెక్కను ఒక చక్రవర్తి స్వయంగా, తన చేతితో రాసుకున్నాడు. ఆ లెక్కలు విన్నప్పుడల్లా నాకు జహంగీరు జ్ఞాపకం వస్తాడు.

అతని కథలోకి చీతా అతడు పుట్టకముందే ప్రవేశించింది. అక్బరుకు పుట్టిన పిల్లలు దక్కలేదు; 1564లో కలిగిన కవలలు పసికందులుగానే పోయారు. వారసుని కోసం అతడు సీక్రీలోని షేక్ సలీం చిష్తీని ఆశ్రయించాడు. అంబరు రాజపుత్రి అయిన రాణి గర్భవతి అయింది. నెలలు నిండుతున్న వేళ ఒకనాడు కడుపులో బిడ్డ కదలిక ఆగిపోయింది. పరిచారికలు కంగారుపడి కబురు పంపారు. ఆనాడు శుక్రవారం. అక్బరు చీతాలతో వేట సాగిస్తున్నాడు. బిడ్డ క్షేమంగా ఉంటే జీవితాంతం శుక్రవారం చీతాలతో వేటాడనని అతడు అక్కడికక్కడే మొక్కుకున్నాడు. బిడ్డ కదిలాడు. 1569 ఆగస్టు 31న సలీం పుట్టాడు. తండ్రి మాట నిలుపుకున్నాడనీ, తానూ ఆ నియమాన్నే పాటిస్తున్నాననీ కొడుకు తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. కడుపులో బిడ్డ కదలిక తగ్గితే వెంటనే వైద్యుని చూడమని నేటి ప్రసూతి వైద్యులు కూడా చెబుతారు.

రాజకీయంగా అతని చరిత్ర పాఠకులకు తెలిసిందే కాబట్టి త్వరగా దాటుతాను. 1600లో తండ్రిపై తిరుగుబాటు చేసి అలహాబాదులో సొంత కొలువు పెట్టాడు. 1602లో తండ్రికి ఆప్తుడైన అబుల్ ఫజల్‌ను బీర్ సింగ్ బుందేలా చేత చంపించాడు. 1605లో అక్బరు మరణించగా జహంగీరు అనే పేరుతో సింహాసనమెక్కాడు. మరుసటి యేడే పెద్ద కొడుకు ఖుస్రో తిరగబడ్డాడు. అతని అనుచరులను లాహోరులో కొరత వేయించాడు. గురు అర్జున్ దేవ్‌ను బలిగొన్నదీ ఆ యేటి ఆగ్రహమే. కొడుకు చూపు పోగొట్టించాడు. మద్యానికీ నల్లమందుకూ దాసుడైనాడు. యౌవనంలో రోజుకు 20 పాత్రల సారా తాగేవాడినని అతడే ఒప్పుకున్నాడు. ఇంతటి మనిషి గజశాలలో నిలబడి ఏనుగు కాన్పు చూస్తూ లెక్క రాసుకున్నాడంటే మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేకపోయాను.

ముందు చీతా సంగతి. ఆ కాలపు వేటలో చీతా అంటే మృగం కాదు, పనిముట్టు. గోతులలో, ఉచ్చులలో పట్టుకుని, మెడపట్టీ వేసి, కళ్ళకు గంతలు కట్టి బండిమీద తీసుకుపోయేవారు. కృష్ణజింక కనబడగానే గంతలు విప్పేవారు. అక్బరు తన ఏలుబడిలో ఒకసారి వేయి చీతాలను పోగుచేశాడని కొడుకు రాశాడు. వాటికి పిల్లలు పుట్టాలని తండ్రి ఎంతో ఆశపడ్డాడు. ఆడ, మగ చీతాల మెడపట్టీలు తీయించి తోటలో వదలిపెట్టించాడు. అయినా అవి జతకట్టలేదు. జహంగీరు ఏలుబడి ఎనిమిదో యేట, అంటే 1613 ప్రాంతంలో, ఒక మగ చీతా మెడపట్టీ వదిలించుకుని ఆడదాని దగ్గరకు వెళ్ళి జతకట్టింది. రెండున్నర నెలలకు ఆడది మూడు కూనలను ఈనింది. అవి పెరిగి పెద్దవైనాయి. ఇది అపూర్వమని ఎరిగి చక్రవర్తి దాన్ని గ్రంథస్థం చేశాడు.

నిజంగానే అపూర్వం. మనిషి చెరలో చీతా ఈనినట్లు మళ్ళీ నమోదైనది 1956లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుశాలలో. నడుమ గడిచినవి 340 ఏళ్ళకు పైనే. కారణం ఇప్పుడు కొంతవరకు తెలుసు. ఆడ చీతా ఒంటరిగా తిరిగే ప్రాణి. మగవి రెండు మూడు జట్టుకట్టి ఉంటాయి. ఆడదాన్ని ఎల్లప్పుడూ మగవాటి కళ్ళెదుట ఉంచితే అది ఎదకు రావడమే మానవచ్చు. విడివిడిగా ఉంచి అదను చూసి కలపాలి. పైగా చీతా జాతి వేల ఏళ్ళనాడే అంతరించే స్థితికి వచ్చి కొద్ది జంతువులనుంచి తిరిగి పెరిగింది కనుక, వాటి వంశబీజాలలో వైవిధ్యం బహు తక్కువ. మగవాటి వీర్యకణాలలో అధికభాగం వికృతంగా ఉంటాయని 1980లలో పరిశోధకులు గుర్తించారు. జహంగీరు లెక్కలో ఒక పొరపాటు ఉంది. చీతా గర్భధారణ కాలం మూడు నెలలకు కాస్త అటూ ఇటూ. రెండున్నర నెలలు చాలవు. బహుశా సేవకులు చూసిన కలయికకంటె ముందే మరొకటి జరిగి ఉంటుంది.

అదే కాలంలో చెరలో ఉన్న మరో మృగం మూడు నెలలకు మూడు పిల్లలను పెట్టిందనీ రాశాడు. పారశీకంలో షేర్ అనే మాట సింహానికీ, పులికీ కూడా వాడతారు కనుక అది ఏదన్నది అనువాదకుల తగాదా. దాని పాలు కంటిచూపుకు మంచివని వైద్యులు చెప్పగా ఎంతో ప్రయత్నించారు, చుక్క రాలేదు. పాలు బిడ్డమీది మమకారంవల్ల చేపుతాయి, పితకవచ్చిన వాడిమీద కోపంతో అవి ఎండిపోతాయి కాబోలునని చక్రవర్తి ఊహించాడు. పొదుగు ముందు కూర్చున్న మన పాడిరైతు ఎవరైనా ఆ మాటను కాదనడు. భయం, ఉద్రేకం పాల చేపును ఆపుతాయని శరీరశాస్త్రం కూడా అంటున్నది.

ఏనుగు విషయంలో అతడు మరింత పట్టుదల చూపాడు. చూలు ఎన్నాళ్ళో తేల్చమని గజశాల ఉద్యోగులను పదేపదే ఆజ్ఞాపించాడు. ఆడపిల్ల అయితే 18 నెలలు, మగపిల్ల అయితే 19 నెలలు అని వారు తేల్చారు. నేటి లెక్క సుమారు 22 నెలలు. చూలు నిలిచిన తొలి నెలలను మావటులు పసిగట్టలేకపోయారన్నమాట. కాని తర్వాతి పరిశీలన తప్పులేనిది. ఒక ఏనుగు అతని ఎదుటే ఈనింది. మనిషి బిడ్డ తలతో వస్తే ఏనుగు పిల్ల కాళ్ళతో బయటికి వస్తుందని అతడు గమనించాడు. తల్లి కాలితో పిల్లపై మట్టి చల్లడం, పిల్ల ఒక క్షణం పడి ఉండి తర్వాత లేచి తల్లి రొమ్ము వెతుక్కోవడం, అన్నీ రాశాడు. పురిటింటి గుమ్మంలో నిలబడిన మంత్రసాని చూపు అది.

వ్యాధుల విషయంలో కూడా అతడు ఇదే తీరు. ఒక పిచ్చికుక్క ఏనుగులు కట్టిన చోటికి వచ్చి ఆడ ఏనుగు కాలు కరిచింది. తరిమితే పొదలలోకి పోయి మళ్ళీ వచ్చి మగ ఏనుగును కూడా కరిచింది. అది కుక్కను కాలికింద నలిపివేసింది. నెల మీద అయిదు రోజులకు, మబ్బు పట్టి ఉరిమిన ఒకనాడు, మేత మేస్తున్న ఆడ ఏనుగు ఘీంకరించి వణుకుతూ నేలకూలింది. లేచినా ఏడు రోజులపాటు నోట నీరు కారింది. మందులు పనిచేయలేదు. ఎనిమిదో నాడు చచ్చింది. మరో నెలకు మగ ఏనుగు కూడా అదే తీరున, ఉరుముతున్న వేళ వణికి, కూలి, పోయింది. ఇంత చిన్న గాయం అంత పెద్ద దేహాన్ని ఎట్లా కూల్చిందని అతడు ఆశ్చర్యపోయాడు. కాటుకూ లక్షణాలకూ మధ్య విరామం, శబ్దానికి అదిరిపడడం, చొంగ, మరణం వరుసగా చదివితే నేటి పశువైద్యుడు రేబిస్ అని క్షణంలో చెబుతాడు.

ఇక ప్లేగు. 1616లో పంజాబులో పుట్టి లాహోరు, ఢిల్లీల మీదుగా ఆగ్రాకు పాకిన మహమ్మారి అది. ఆసఫ్ ఖాన్ కుమార్తె తన ఇంట జరిగినది చెప్పగా చక్రవర్తి నమోదు చేయించాడు. ముంగిట ఒక ఎలుక తాగినదానివలె పడుతూ లేస్తూ వచ్చింది. ఒక దాసి దాన్ని తోకపట్టి పిల్లికి వేసింది. పిల్లి నోట పట్టి వెంటనే అసహ్యంతో వదిలివేసింది, మర్నాటికి చావుదశకు వచ్చింది, నాలుగు రోజులలో తేరుకున్నది. ఆ తర్వాత దాసికి గడ్డ లేచి చనిపోయింది. ఎనిమిది తొమ్మిది రోజులలో ఆ ఇంటినుంచి 17 శవాలు లేచాయి. మన తాతముత్తాతలు కూడా ఎలుకలు రాలితే ఊరు ఖాళీ చేసి పొలాలలో పాకలు వేసుకున్నారు. కాని ఎలుకకూ మనిషికీ నడుమ ఉన్న క్రిమిని యెర్సిన్ హాంకాంగులో పట్టుకున్నది 1894లో; దాన్ని మోసేది ఈగు అని సిమాండ్ కరాచీలో నిరూపించింది 1898లో. మొదట ఎలుక, తర్వాత పిల్లి, ఆ తర్వాత దాసి అనే వరుస మాత్రం జహంగీరు పుస్తకంలో ఉన్నది.

ఇంతవరకు చదివి అతన్ని ఋషిని చేయవద్దు. 12వ యేటినుంచి 50వ యేటిదాకా తన సమక్షంలో 28,532 జంతువులు వేటాడబడ్డాయనీ, అందులో 17,167 తన చేతనే చచ్చాయనీ లెక్క కట్టించినవాడు అతడే. కోశాగారపు పద్దు వలె, నాలుగు కాళ్ళవి 3,203, పక్షులు 13,964 అని విడదీసి మరీ రాయించాడు. 1610లో నీల్‌గాయికి గురిపెట్టిన క్షణాన ఒక గుర్రపుసేవకుడు, ఇద్దరు బోయీలు అడ్డువచ్చారు; మృగం బెదిరి పారిపోయింది. ఆ సేవకుణ్ణి అక్కడే చంపించి, బోయీల మోకాటి నరాలు కోయించి, గాడిదలపై ఊరేగించాడు. ఇదీ అతడే రాశాడు. ఏనుగు కాన్పుకు దక్కిన శ్రద్ధ ఆ ముగ్గురికి దక్కలేదు. అధికారంలో ఉన్నవారి జంతుప్రేమను ఎవరైనా పొగిడితే నేను ఆ ముగ్గురినీ తలచుకుంటాను.

పైగా కొలువులోని ప్రతి చీతా అడవినుంచి తెచ్చినదే. ఒక్క పురుడు తప్ప తిరిగి ఇచ్చినది ఏమీ లేదు. వందల ఏళ్ళు రాజులు, నవాబులు అడవికి ఆ లోటు మిగులుస్తూ పోయారు. పచ్చికబయళ్ళు దున్నబడ్డాయి, జింకలు తరిగాయి. 1947 ప్రాంతంలో కొరియా మహారాజు మూడింటిని కాల్చాడు. 1952లో జాతి అంతరించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఈ శతాబ్ది మొదట్లో మన హైదరాబాదులోని సీసీఎంబీ సంస్థ, లాల్జీ సింగ్ నాయకత్వంలో, ఇరాను చీతా జీవకణాలతో క్లోనింగ్ చేయాలని తలపెట్టింది. ఇరాను అంగీకరించలేదు.

చివరకు ఆఫ్రికా జంతువులు వచ్చాయి. 2023 మార్చిలో కూనోలో నాలుగు కూనలు పుట్టినప్పుడు ఢిల్లీలో పండుగ చేశారు. మే నెల ఎండలకు మూడు పోయాయి. అదే నెలలో జతకట్టించే ప్రయత్నంలో మగవి గాయపరచి దక్ష అనే ఆడ చీతా మరణించింది. వానకాలంలో, ఆఫ్రికా శీతకాలానికి మొలిచే దట్టమైన వెంట్రుకల కింద, మెడ కాలరు దగ్గర పుండ్లు పడి, పురుగులు చేరి, రక్తం విషమై కొన్ని చచ్చాయి. మరణాలన్నీ సహజమేనని మంత్రిత్వశాఖ మొదట ప్రకటించింది. ఆ తర్వాత కాలర్లు విప్పి చికిత్స చేశారు. పాలు రాలేదనీ, మందు పనిచేయలేదనీ నిరంకుశ చక్రవర్తి సంకోచం లేకుండా రాసుకున్న దేశంలో, ఎన్నికైన ప్రభుత్వానికి ఆ పాటి మాట ఎందుకు బరువైనదో నాకు బోధపడలేదు.

జహంగీరు చివరి ఏళ్ళు సుఖంగా సాగలేదు. 1611లో పెళ్ళాడిన నూర్జహాను చేతికి పాలన చేరింది. మొదటి 12 ఏళ్ళ స్వీయచరిత్రకు ప్రతులు రాయించి 1618లో మొదటిది ముద్దుల కొడుకు ఖుర్రంకు ఇచ్చాడు. ఆ ఖుర్రమే 1622లో తిరగబడ్డాడు. సేనలు తరమగా అతడు గోల్కొండ రాజ్యం మీదుగా మచిలీపట్నం దారిన ఒరిస్సాకు పారిపోయాడు. మనుమడు షుజా జబ్బుపడినప్పుడు తన చేతితో ప్రాణి హింస చేయనని తాత మొక్కుకున్నాడు. కొడుకు తిరుగుబాటుతో మనసు విరిగి మళ్ళీ తుపాకి పట్టాడు. ఉబ్బసం ముదిరింది. కలం పట్టలేక పదిహేడో యేట రచనను ముతమిద్ ఖాన్‌కు అప్పగించాడు. 1626లో సేనాని మహబత్ ఖాన్ అతన్నే బందీని చేశాడు.

1627 శరత్కాలంలో కాశ్మీరునుంచి లాహోరుకు తిరిగివస్తూ బైరం కలా వద్ద కొండచరియమీది జింకకు గురిపెట్టాడు. మృగాన్ని తోలడానికి వెళ్ళిన ఒక కాలిబంటు పట్టుతప్పి లోయలో పడి మరణించాడు. ఈసారి చక్రవర్తి చలించిపోయాడు. ఆ బంటు తల్లిని పిలిపించి ఓదార్చాడు, ధనమిచ్చాడు. తనకు మృత్యువే కనబడినట్లు భావించి ఆపైన కుదుటపడలేదు. కొద్దిరోజులకే, అక్టోబరు నెలాఖరులో, దారిలోనే కన్నుమూశాడు. శవం పాడవకుండా పేగులు తీసి రాజౌరి దగ్గర చింగస్ సరాయిలో పూడ్చారని అక్కడివారు చెప్పుకుంటారు. మిగిలిన దేహం లాహోరు పక్కన షాదరాలో, రావి నది ఆవలి ఒడ్డున ఉన్నది.