రెండు ప్రార్థనలు: సి. ఎస్. లూయిస్ జీవితం

మన పిల్లల్లో చాలామంది నార్నియా కథలు చదివే ఉంటారు. 2005లో సినిమా వచ్చినప్పుడు వాళ్లతో పాటు మనలో కొందరం థియేటరుకు వెళ్లాం కూడా. ఆ కథలు రాసిన సి. ఎస్. లూయిస్ క్రైస్తవ విశ్వాసం గురించి మామూలు మనుషులకు అర్థమయ్యేలా రాసిన గొప్ప రచయిత. ఆయన జీవితానికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి రెండు ప్రార్థనలున్నాయి. రెండింటిలోనూ అడిగింది ఒక్కటే, నా మనిషిని బతికించమని. రెండుసార్లూ ఆ మనిషి దక్కలేదు.

లూయిస్ 1898 నవంబరు 29న ఐర్లండులోని బెల్ఫాస్టులో పుట్టాడు. తండ్రి ఆల్బర్ట్ లాయరు. తల్లి ఫ్లోరా పాదిరిగారి అమ్మాయి. ఆడపిల్లలు కాలేజీకి వెళ్లడమే అరుదైన ఆ రోజుల్లో ఆమె లెక్కలు, తర్కశాస్త్రం చదివి డిగ్రీ పుచ్చుకుంది. ఇంట్లో అందరూ పిల్లవాణ్ణి జాక్ అని పిలిచేవారు. అన్న వారెన్ మూడేళ్లు పెద్దవాడు.

1908లో తల్లికి క్యాన్సర్ అని తేలింది. ఆపరేషను ఇంట్లోనే చేశారు. గట్టిగా నమ్మి అడిగితే దేవుడు ఇస్తాడన్న మాటను తొమ్మిదేళ్ల జాక్ పట్టుకున్నాడు, అలాగే ప్రార్థించాడు. ఆగస్టు 23న, సరిగ్గా తండ్రి పుట్టినరోజునాడు, తల్లి కన్నుమూసింది. అప్పటికీ వాడు ఆశ వదులుకోలేదు. ఏదో అద్భుతం జరిగి అమ్మ తిరిగి వస్తుందని ఎదురుచూశాడు. నెల తిరగకుండానే వాణ్ణి సముద్రం దాటించి ఇంగ్లండులో హాస్టలు బడిలో వేశారు. ఒక్క దెబ్బతో అమ్మా పోయింది, ఇల్లూ పోయింది.

పదిహేనేళ్లు వచ్చేసరికి అతనిలో దేవుడి మీద నమ్మకం లేదు. 1917లో తన పంతొమ్మిదో పుట్టినరోజునాడు ఫ్రాన్సు యుద్ధరంగానికి చేరాడు, మరుసటి ఏప్రిల్లో గాయపడ్డాడు. 1925లో ఆక్స్‌ఫర్డ్‌లోని మాగ్డలిన్ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం బోధించే ఉద్యోగం వచ్చింది. టోల్కీన్ వంటి మిత్రులతో ఏళ్ల తరబడి వాదించి, చివరికి 1931లో లూయిస్ మళ్లీ క్రైస్తవులయ్యారు. మనిషికి బాధలెందుకు అన్న ప్రశ్న మీద 1940లో ఒక పుస్తకం రాశారు. యుద్ధకాలంలో బీబీసీ రేడియోలో ఆయన చేసిన ప్రసంగాలు ఎందరికో ధైర్యాన్నిచ్చాయి. 1955లో వచ్చిన ఆత్మకథలో చిన్ననాటి ఆ ప్రార్థనను తలుచుకుంటూ, అప్పుడు తాను దేవుణ్ణి అడిగిన పని చేసిపెట్టి వెళ్లిపోయే మాంత్రికుడిలా అనుకున్నానని ఒప్పుకున్నారు. అదే ఏడాది వచ్చిన ఒక నార్నియా కథలో ఓ అబ్బాయి తెచ్చిన ఆపిల్ పండు తిని, చావుబతుకుల్లో ఉన్న తల్లి కోలుకుంటుంది.

జాయ్ డేవిడ్‌మన్ న్యూయార్కులో యూదుల ఇంట పుట్టిన రచయిత్రి, ఒకప్పటి కమ్యూనిస్టు, తర్వాత క్రైస్తవురాలు. 1950లో ఉత్తరాలతో మొదలైన పరిచయం స్నేహమైంది. ఆమె ఇద్దరు కొడుకులతో ఇంగ్లండు చేరారు. ఆ దేశంలో ఉండేందుకు అనుమతి దొరకాలని 1956 ఏప్రిల్లో ఇద్దరూ రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. వీసా కష్టాలు మనకు మాత్రమే కొత్తవి కావు! ఆ అక్టోబరులో జాయ్ కింద పడి తొడ ఎముక విరిగింది. పరీక్ష చేస్తే క్యాన్సర్.

1957 మార్చి 21న ఆసుపత్రి మంచం పక్కనే పీటర్ బైడ్ అనే పాదిరిగారు ఆమె మీద చేతులుంచి ప్రార్థించి, ఇద్దరికీ క్రైస్తవ వివాహం జరిపించారు. చివరి రోజులు గడపడానికని ఆమెను ఇంటికి తెచ్చారు. కానీ ఎముక అతుక్కుంది! జాయ్ లేచి నడిచారు. కలిసి ఐర్లండు వెళ్లివచ్చారు. ప్రార్థన వల్లే ఇలా జరిగిందని ఎవరికీ రుజువు చేసి చూపలేమని ప్రార్థన గురించి 1959లో రాసిన వ్యాసంలో లూయిస్ జాగ్రత్తగానే అన్నారు. ఆ అక్టోబరులోనే క్యాన్సర్ తిరగబెట్టింది. 1960 ఏప్రిల్లో జాయ్ ఎన్నాళ్లుగానో కలగన్న గ్రీసు చూసివచ్చారు. జూలై 13న నలభై అయిదేళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

బాధ గురించి లోకానికి పాఠం చెప్పిన మనిషికి ఆ పాఠం అక్కరకు రాలేదు. ఇంట్లో దొరికిన నోటుపుస్తకాల్లో తన దుఃఖాన్ని రాసుకుంటూ పోయారు. అత్యవసరంలో వెళ్లి తడితే లోపలి నుంచి గడియ వేసిన చప్పుడే వినిపించిందని రాశారు. దేవుడు లేడన్న భయం కాదు, దేవుడు ఇలాంటివాడేమోనన్న భయం. దాన్నీ దాచుకోలేదు. రాస్తూ రాస్తూ నెమ్మదించారు. తన గోలలో తనకే ఏమీ వినబడలేదేమో అనుకున్నారు. ఎందుకన్న ప్రశ్నకు జవాబు రాలేదు గానీ, ఆ మౌనం తనను కాదని గెంటేసే మౌనంలా అనిపించడం మానింది. 1961లో అది ఎన్. డబ్ల్యు. క్లర్క్ అనే మారుపేరుతో పుస్తకంగా వచ్చింది. ఎవరు రాశారో తెలియని మిత్రులు, చదివితే ఊరటగా ఉంటుందని ఆ పుస్తకాన్ని ఆయనకే సిఫారసు చేశారట.

అర్ధరాత్రి ఇండియా నుంచి ఫోను రావడం, మనం విమానం దిగేలోపే అంతా అయిపోవడం మనలో ఎందరికో అనుభవమే. వారం రోజులుగా చర్చిలో అందరూ కూడి చేసిన ప్రార్థన ఏమైందని అడగడానికి కూడా భయం. ఆదరణ కూటంలో ఎవరో ఒకరు దేవుని చిత్తమని తేల్చేస్తారు. యోబు స్నేహితులూ అదే పని చేశారు. కానీ గ్రంథం చివర దేవుడు మందలించింది నిష్ఠూరమాడిన యోబును కాదు, దేవుడి తరఫున జవాబులు చెప్పిన ఆ స్నేహితులనే అన్నట్టుంటుంది. లూయిస్ నిష్ఠూరమాడారు, కానీ దేవుడితో మాట మానలేదు. ఆ ఇద్దరు పిల్లల బాధ్యతా వదల్లేదు.

1963 నవంబరు 22న లూయిస్ పోయారు. అదే రోజు కెనెడీ హత్య జరగడంతో ఆ వార్త మరుగున పడింది. 1908లో అమ్మ పోయిననాడు ఇంట్లో గోడ క్యాలెండరు మీద షేక్‌స్పియర్ నాటకంలోని ఒక వాక్యం ఉంది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర హెడింగ్టన్ చర్చి ఆవరణలో తమ్ముడి సమాధిరాయి మీద వారెన్ ఆ వాక్యాన్నే చెక్కించారు. యాభై అయిదేళ్లు గడిచినా అన్నదమ్ములిద్దరూ ఆ రోజును మరిచిపోలేదు.